రెయిలింగు లేని మెట్లు

మూడో అంతస్తు మెట్ల మీంచి పక్క వాటా ఎల్‌రాయ్ తాత పడటం విల్మా తన కళ్లతో చూసింది. పుచ్చిపోయిన రెయిలింగు ఆయన చేతికే ఊడొచ్చింది. తుంటి విరిగింది.

దాన్ని బాగు చేయించమని ఆర్నెల్లుగా మొత్తుకున్నది విల్మాయే. క్లీవ్‌లాండ్ ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికి బతికే మనిషి. ఆమె మొదటి ఫిర్యాదు అందగానే ఇంటి యజమాని కుబియాక్ వడ్రంగిని పిలవలేదు, వకీలు దగ్గరికి పరిగెత్తాడు. ఇల్లు తన పేర ఉంచుకోవాలా, ఎల్‌ఎల్‌సీ అనే కంపెనీ పెట్టి దాని పేర రాయాలా? కంపెనీ పేర రాస్తే ఎవరు దావా వేసినా సొంత ఆస్తికి ఢోకా ఉండదన్నాడు వకీలు. రాసేశాడు.

"నన్నడిగితే ఏం లాభం? ఇల్లు కంపెనీది, నేను మేనేజర్ని," అన్నాడు తాత పడ్డాక.

కంపెనీకున్న చిరునామా ఒక పోస్టుబాక్సు నంబరు. దాన్ని నిలదీసేదెలా?

ఆ ఇంట్లో అద్దెకున్న పన్నెండు కుటుంబాలూ అద్దె ఆపాయి. ఖాళీ చేయించే దావా మాత్రం విల్మా ఒక్కదాని మీదే పడింది.

కోర్టులో కుబియాక్ లేచి, "అయ్యా, ఇది నా ఇల్లు," అన్నాడు.

"కాదు, కంపెనీది. దాని తరఫున వకీలే మాట్లాడాలి. కూర్చోండి," అన్నాడు జడ్జి.

అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు రెండు వారాలే. వాయిదా రోజున వకీలొచ్చాడు, అయిదు నిమిషాల్లో విల్మా ఓడిపోయింది; ఇల్లు ఖాళీ చెయ్యాలి.

"వాళ్లు సామాను బయట పడేస్తే తిరిగి పైకి మోద్దాం," అన్నాడు తాత అద్దెవాళ్ల మీటింగులో.

"పిల్లలదాన్ని, నావల్ల కాదు. రేపు నన్నూ గెంటేస్తారు," అంది మర్టిల్.

ఎవర్ని తిట్టాలో కూడా తెలియని నిస్సహాయత విల్మాది.

కోర్టు అమీనా మనుషులు సామానంతా వీధిలో, వానలో పడేశారు. వాళ్ల బండి మలుపు తిరగగానే నలుగురు సోఫా ఎత్తారు. అమీనా పోలీసులతో తిరిగొచ్చాడు.

"పైకి ఎక్కించిందెవరు? ఒక్క పేరు చెప్పండి."

"పేర్లెక్కడివి బాబూ?" అన్నాడు చేతికర్రల మీద నిలబడ్డ తాత. "కంపెనీ ఎక్కించింది. ఏదన్నా ఉంటే పోస్టుబాక్సుకు రాసుకో."

కోర్టు కాగితంలో ఉన్నది ఒక్క విల్మా పేరే. ఆమె చేతులకే బేడీలు పడ్డాయి. ఆమెకు ఏడుపొచ్చింది. కారెక్కుతూ వెనక్కి చూసింది. మర్టిల్ తన మొగుడితో కలిసి విల్మా వంటబల్లను చెరోవైపు పట్టుకుని ఆ మెట్లే ఎక్కుతోంది.