లోపలి మడత

కుట్టు మిషను సూది కింద నీలం కోటు చెయ్యి సగం దాకా వచ్చింది. కళ్ళద్దాలు ముక్కు కొసకి జారినా టైలరు పైకి తోసుకోలేదు. కూతురికి వేరే ఊళ్ళో, హోటలు రిసెప్షన్లో ఉద్యోగం వచ్చింది. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతోంది. ఆలోపు కోటు పూర్తి కావాలి.

దుకాణమంటే మెట్ల కింద చోటే. ఆదమరిచి లేస్తే నెత్తి బొప్పి కడుతుంది. నగరంలో అద్దెలు భరించలేక ఊరి చివరికి చేరిన సంసారాలే ఆయన ఖాతాదారులు. ఇక్కడ పాలు, బడి ఫీజులు, చివరికి అద్దెలూ ఏటా పెరుగుతూనే ఉన్నాయి. జీతాలు మాత్రం గొర్రె తోక బెత్తెడే. దుప్పటి ఉన్నంతే కాళ్ళు చాపుకోవాలంటారు గానీ, ఈ వీధిలో అందరూ కాళ్ళు ముడుచుకునే పడుకుంటారు. అందుకే ఆయన ఏ పిల్లల బట్టలు కుట్టినా అంచుల్లో నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి దాస్తాడు. పిల్లలు ఎదిగేకొద్దీ విప్పుతాడు. 'మడతల టైలరు' అని పేరు పడింది. ఆ పేరంటే ఆయనకు గర్వం కూడా.

పొద్దున్నే ఒకావిడ కొడుకు ప్యాంటు పట్టుకొచ్చింది.

"ఇంకొక్క ఏడాది లాగించాలండీ. లోపలేమైనా మిగిలిందా?"

ఆయన అంచు తిప్పి చూశాడు. "ఉన్నదంతా పోయినేడే విప్పేశానమ్మా. ఇక మిగిలింది దారమే."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ నవ్వు ముందుగా ఆగిపోయింది.

కూతురికి మాత్రం మడతతో ఆగేవాడు కాదు, బట్టే వదులుగా కుట్టేవాడు. "ఎదిగే పిల్ల" అనేవాడు. గౌను ఒంటికి సరిపోయే నాటికి రంగు వెలిసిపోయేది. బడిలో ఆమెను 'గోనెసంచి' అని పిలిచేవారని ఆయనకు తెలిసేసరికి చదువే అయిపోయింది. మొన్న ఆమె ఒక్కటే అడిగింది.

"నాన్నా, ఈ కోటైనా నా కొలతకి కుట్టవూ?"

కూతురికి టేపు పెట్టి కొలవడం అదే మొదటిసారి. ఎప్పుడూ కంటి అంచనాతో సరిపెట్టేవాడు. పాత ముక్కలు కాకుండా బట్టల కొట్లో తానులోంచి కొత్త గుడ్డే కోయించాడు. సుద్దతో గీత కూడా కొలత మీదే గీశాడు.

కోటు ఇస్త్రీ చేసుకుని ఇంటికి వెళ్ళేసరికి కూతురు సంచులు సర్దేసుకుంది. కోటు తొడుక్కుంది. కోటు భుజాలు కిందికి జారాయి. చేతులు వేళ్ళను కప్పేశాయి. సుద్ద గీత సరిగ్గానే గీశాడు. ఏళ్ళ అలవాటు పోక కత్తెరే గీతకి బయటగా నడిచింది.

"చెట్టంత అయింది. ఇంకెంత ఎదుగుతుందండీ?" అంది భార్య.

"ఇప్పుడే లోపలికి పట్టేస్తాను, ఎంతసేపు..."

"బస్సు టైమైంది నాన్నా. బాగానే ఉందిలే," అంటూ కూతురు కోటు విప్పింది.

ఆ 'బాగానే ఉందిలే' ఆమె చిన్నప్పటినుంచీ ఆయన వింటున్నదే. అది బాగుండటం కాదని ఇవాళ తెలిసింది.

బస్సు కదిలాక కూడా కిటికీలోంచి చెయ్యి ఊపింది. మలుపు తిరిగేదాకా ఆయన రోడ్డు మీదే నిలబడ్డాడు. ఇంటికొచ్చి చూస్తే కోటు గోడకున్న కొక్కేనికి వేలాడుతోంది. మరిచిపోయిందో, వద్దనుకుందో భార్యను అడగలేదు.

"రేపటికి సరిపోవాలని కుట్టీ కుట్టీ, దానికి ఏ రోజూ సరిపోకుండా చేశానే," అన్నాడు.

ఆయన కోటు చేతి అంచు తిప్పి చూశాడు. లోపల నాలుగు వేళ్ళ గుడ్డ, ఇంకా ఉతుకు ఎరగని నీలం రంగులో, మడిచింది మడిచినట్టే ఉంది.