సూర్యకళ వినే చెరువులు

రొయ్యల చెరువుల రైతులకు ఫోన్లో సలహాలివ్వడం భీమవరంలో మా ఆఫీసు చేసే పని. పోయినేడాది తెల్లవారుజామున వచ్చే కాల్స్‌కి ఇంటి నుంచే జవాబు చెప్పేవాళ్లు కావాలని వాట్సాప్‌లో ప్రకటన పెట్టాం. డిగ్రీ ఉండాలన్నాం. మనుషుల్ని ఎంచుకునే బాధ్యత నాది. నూట ఎనభై మంది దరఖాస్తు చేస్తే, అందులో పదో తరగతితో ఆగిపోయిన మనిషి సూర్యకళ ఒక్కతే.

ఆమెది మొగల్తూరు అవతల, సముద్రం వైపు ఊరు. భర్త చిట్టియ్య చేపల వేటకు వెళ్లేవాడు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. అంతవరకూ సూర్యకళ రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పనికి వెళ్లేది. ఇప్పుడు రెండు గంటలకోసారి అతణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. గడప దాటే వీల్లేదు.

"డిగ్రీ లేనివాళ్లని తీసుకోవట్లేదండి," అని చెప్పేద్దామనే ఫోన్ చేశాను.

"ఒక్క మాట వినండి సారిక గారూ," అందామె. "ఇంటి దగ్గర పని కోసం ఆరు నెలల నుంచి వెతుకుతున్నానండి. మొన్నొకడు టైపింగ్ పనిస్తాను, ముందు రెండు వేలు కట్టమన్నాడు. పని చేసేదీ నేనే, డబ్బు కట్టేదీ నేనే అయితే నువ్వేం చేస్తావు బాబూ అని పెట్టేశాను. మీరు డబ్బడగలేదు కాబట్టి మీది నిజమైన పనేనండి. నన్నొక్క ప్రశ్న అడగండి. తెలియకపోతే నేనే పెట్టేస్తాను."

నవ్వొచ్చింది నాకు. "రొయ్యలు మేత తినట్లేదని రైతు ఫోన్ చేశాడు. ఏం చెప్తారు?"

"ఏమీ చెప్పనండి. ముందు అడుగుతాను. నిన్న వాన పడిందా, నీళ్ల రంగు మారిందా అని. అమావాస్య దగ్గరపడిందేమో చూస్తాను. ఒంటి మీది పాత పొట్టు విడిచే రోజుల్లో అవి తినవు కదండీ. ఆయన కంగారుపడి మందులు పోస్తాడు. అది ఆపాలి."

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు?"

"మా నాన్న చెరువుకి కాపలా ఉండేవాడండి. గట్టు మీద పాకలోనే పెరిగాను."

నెల రోజులు చూద్దామని తీసుకున్నాను. పాత లాప్‌టాప్ ఒకటి పంపించాం. ఒక్క వేలితో కొడుతూ, ఒక్కో కాల్ వివరాలు ఎక్కించడానికి మొదట్లో ఆమెకు అరగంట పట్టేది. మంచం పక్కనే బల్ల వేసుకుని కూర్చునేది. చిట్టియ్యకి కుడిచెయ్యి పనిచేయదు గానీ చూపు చురుకు. తప్పు పడిన అక్షరాన్ని అతను చూసి చెప్తే ఆమె దిద్దుకునేదట. నెల తిరిగేసరికి ఆమె రాసిన వివరాల్లో నేను దిద్దాల్సింది ఏమీ ఉండేది కాదు.

డిసెంబరులో ఒకరోజు తెల్లవారుతుండగా ఆకివీడు వైపు నుంచి భీమరాజు గారనే రైతు ఫోన్ చేశారు. ఆ కాల్ రికార్డింగు తర్వాత నేను చాలాసార్లు విన్నాను.

"రొయ్యలన్నీ గట్టు వారకి వచ్చి పైకి తేలిపోతున్నాయమ్మా! ఏ మందు వెయ్యాలో తొందరగా చెప్పు!"

"ఏరియేటర్లు తిరుగుతున్నాయాండి?" నీళ్లని చిలికి గాలి అందించే మిషన్లవి.

"నాలుగూ తిరుగుతున్నాయి. మందు చెప్పమంటుంటే!"

"మీరెక్కడ నిలబడ్డారండి?"

"గట్టు మీద. మంచు. పది అడుగుల అవతల ఏమీ కనపడట్లేదు."

"నాలుగూ తిరిగితే మీ మాట నాకింత స్పష్టంగా వినపడదండి. నాకు ఒక్కదాని చప్పుడే వస్తోంది. అటు చివరకి మనిషిని పంపండి."

ఆయన విసుక్కున్నారు. "ఇంట్లో కూర్చున్నదానివి నీకెలా తెలుస్తుంది?"

"నా మాట తప్పైతే తర్వాత తిట్టండి. ఇప్పుడు పంపండి," అంది, గొంతు పెంచకుండా.

మనిషి పరుగెత్తాడు. నిజంగానే మూడు ఆగిపోయి ఉన్నాయి. అటువైపు కరెంటు తీగ ఎక్కడో తెగింది. ఆ మూడింటికీ జనరేటరు కలిపించమంది. అంతదాకా ఆక్సిజన్ బిళ్లలు చల్లించింది. ఆ పూట మేత వద్దంది. ఆరు నిమిషాలు దాటితే కాల్ ముగించాలన్నది మా నియమం. ఆమె నలభై నిమిషాలు లైన్లోనే ఉంది. మధ్యలో చిట్టియ్య దగ్గు వినిపిస్తుంది. "ఒక్క నిమిషమండి, మా ఆయన్ని తిప్పి వస్తాను," అంటుంది. ఆ ఒక్క నిమిషమూ, అంత కంగారులో ఉన్న భీమరాజు గారు కిమ్మనకుండా ఆగారు. చివరికి నాలుగు మిషన్ల హోరులో ఆయన మాట సగం వినపడకుండా పోయింది. "ఆయ్, ఇప్పుడు సరిపోయిందండి," అంది సూర్యకళ.

చెరువు నిలబడింది. మర్నాడు ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి, "ఆవిడేం చదివారండి?" అని అడిగారు. చెప్పాను. "నిన్న నేను దురుసుగా మాట్లాడాను. ఆ సంగతి ఆవిడకి చెప్పండి," అన్నారు.

"మీరే చెప్పండి," అని ఆమెకి కలిపాను.

భీమవరం వచ్చి కొత్తవాళ్లకి శిక్షణ ఇస్తే జీతం పెంచుతామని మా పైవాళ్లు అన్నారు. ఆ మాట చెప్పడానికి నేనే వాళ్లింటికి వెళ్లాను. సూర్యకళ టీ ఇచ్చి, చిట్టియ్య వైపు చూసి, తల అడ్డంగా ఊపింది.

"నేను రాలేనండి. కానీ మా వీధిలో చెరువు గట్ల మీద పెరిగిన ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. పిల్లలతోనో, ముసలాళ్లతోనో ఇల్లు కదల్లేకపోతున్నారు. వాళ్లకిక్కడే నేర్పిస్తాను. మీరు లాప్‌టాప్‌లు ఇవ్వండి చాలు."

పైవాళ్లని ఒప్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇప్పుడు ఆ వీధిలో నలుగురు పనిచేస్తున్నారు. పోయిన వారం నేను వెళ్లినప్పుడు రాణి అనే కొత్తమ్మాయి, సూర్యకళ ఇంట్లో కూర్చుని, చంటిపిల్లని ఒళ్లో వేసుకుని, మొదటి కాల్ తీసుకుంటోంది. అవతల రైతు అరుస్తున్నాడు. రాణి బెదిరి సూర్యకళ వైపు చూసింది. సూర్యకళ ఫోన్ అందుకోలేదు. పిల్లని మాత్రం ఎత్తుకుని వరండాలోకి నడిచింది.

"అరవనీ. అలిసిపోయాక అడుగు," అంది వెనక్కి తిరక్కుండానే.