నల్ల ఈతదుస్తు

తువ్వాళ్ళు మడతపెట్టడం వెర్నా పని. తడిసినవి ఇంటికి మోసుకొచ్చి, గంధకం కంపు పోయేదాకా ఉతకడమూ ఆవిడ పనే. వాటిమీద దిగంబరంగా కూర్చుని స్వేచ్ఛ గురించి ఉపన్యాసాలివ్వడం మాత్రం మొగుడు గ్యారెట్ పని.

అమెరికాలో, ఆరెగన్ అడవిలో, ప్రభుత్వ భూమిలో వేణ్ణీళ్ళ గుంట అది. బట్టల్లేకుండా దిగుతారు. గుంట హద్దులో పాతిన బోర్డుకి లోపలుంటే అధికారులు చూసీ చూడనట్టు పోతారు, బోర్డు దాటి కాలిబాట మీద అలా కనబడితే కేసు రాస్తారు. కొత్తవాళ్ళకి ఇదంతా చెప్పమని గ్యారెట్‌ని ఎవరూ బతిమాలలేదు. "కింద తువ్వాలు వేసుకునే కూర్చోవాలి. ఫొటోలు తియ్యకూడదు. ఎవరి ఒంటివంకా తేరిపార చూడకూడదు. ఒళ్ళన్నాక సిగ్గెందుకయ్యా!" అబ్బో, ఏం గొంతు! ఆ పూట గుంటలో ఎంతమంది ఆడవాళ్ళుంటే అంత పెద్ద గొంతు.

ఈ శీతాకాలం ఆపరేషన్ చేసి వెర్నా ఎడమ రొమ్ము తీసేశారు. మళ్ళీ ఆ నీళ్ళలో ఎప్పట్లా, ఒంటిమీద నూలుపోగు లేకుండా మునగాలి. ఆసుపత్రి మంచం మీద ఆవిడ కోరుకున్నది అదొక్కటే. తీరా ఇవాళ బయల్దేరుతుంటే, మెడదాకా మూసే నల్ల ఈతదుస్తు ఒకటి తెచ్చి సంచిలో కుక్కాడు మహానుభావుడు.

"నాకేం లేదు వెర్నా. జనానికే, పాపం, ఇబ్బందిగా ఉంటుంది."

పాపం! ఆ జాలైనా తనమీద కాదు, జనం మీద. దారి పొడుగునా ఆ మాటే నమిలింది వెర్నా. ఇన్నేళ్ళూ ఈ మనిషి విప్పింది ఒంటిమీది గుడ్డలేనా? బుర్రకి చుట్టుకున్న గుడ్డ ఒక్కసారైనా విప్పాడా? ఇలాంటివాడి తువ్వాళ్ళా నేను ఉతికింది? ఛీ!

గుంట దగ్గర గ్యారెట్ బట్టలు విప్పి ఆవిడ పక్కన పడేశాడు. అంతలో కాలిబాట మీద ఎవడో కెమెరా ఎత్తాడు. ఇంకేముంది, గ్యారెట్ నీతులు చెబుతూ బోర్డు దాటి అటే దూసుకెళ్ళాడు.

వెర్నా బట్టలన్నీ విప్పేసింది. నీళ్ళలో ఉన్న ముసలావిడ ఒకసారి చూసి, "ఇటు రామ్మా, ఇక్కడ బాగా వేడిగా ఉన్నాయి," అని కాస్త పక్కకి జరిగింది. అంతే. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

అప్పుడే కాలిబాట మలుపులో అటవీ అధికారిణి ప్రత్యక్షమైంది. గ్యారెట్ రెండు చేతులూ అడ్డం పెట్టుకుని వంకరగా నిలబడ్డాడు. కెమెరావాడు ముసిముసిగా నవ్వుతున్నాడు.

"వెర్నా! తువ్వాలు! ఏదో ఒకటి పట్రా, త్వరగా!"

తువ్వాళ్ళు చేతికందేంత దూరంలోనే ఉన్నాయి. ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి నల్ల ఈతదుస్తు తీసింది. దాచుకోకుండా, తొందరపడకుండా బోర్డు దాకా నడిచి, లోపలే ఆగి, అతని కాళ్ళ దగ్గరికి విసిరింది.

"కట్టుకో గ్యారెట్. నాకేం లేదు. జనానికే, పాపం, ఇబ్బందిగా ఉంటుంది."