వేదం ఫారాలు

మధ్యాహ్నం పన్నెండుకే కరెంటు పోయింది. కన్నడ సీమలోని చింతామణిలో ఒక ప్రెస్సు వెనక గదిలో నలుగురు ఆడవాళ్ళు, చెమట కాగితాల మీద పడకుండా నుదుటికి గుడ్డలు కట్టుకొని, అచ్చయిన పెద్ద కాగితాలను, ఫారాలను, పుటలుగా మడుస్తున్నారు. ఆలయ ట్రస్టు కన్నడ లిపిలో అచ్చు వేయిస్తున్న వేదమంత్రాల పుస్తకం అది. వెయ్యి ప్రతులు. కుంభాభిషేకం నాటికి పుస్తకం కావాలి, ఇంక తొమ్మిది రోజులే.

అచ్చులో ఫారాల అంకెలు తప్పుగా పడ్డాయి. వాటిని నమ్మి కుడితే పుటలు తారుమారవుతాయి. అందుకని ఆ నలుగురిలో హనుమక్క ఒక ఫారం చివరి మాటను, తర్వాతి ఫారం మొదటి మాటను పైకి చదివి, రెండూ అతికాయని తెలిశాకే దబ్బనం గుచ్చేది. తమ మాదిగ కాలనీలో పెద్దవాళ్ళకు రాత్రి బడి పెట్టిన రోజుల్లో ఆమె నేర్చుకున్న కన్నడ అక్షరాలవి. అర్థం తెలియకపోయినా ఆ మాటలు పలకడం ఆమెకు ఇష్టంగా ఉండేది. పది రోజుల్లో కొన్ని పుటలు నోటికే వచ్చేశాయి.

అలా చూడకుండా చెప్పుకుంటూ మడుస్తుంటే గుమ్మంలో చెప్పుల చప్పుడు ఆగింది. ట్రస్టు కార్యదర్శి చంద్రశేఖర శాస్త్రి.

"ఎవరు చదివింది?" అన్నాడు.

"నేనే సామీ. అతుకు చూస్తాండా."

ఏ కాలనీ అని అడిగాడు. చెప్పింది. ఆయన ఆమె చేతుల వైపు చూసి, తర్వాత నోటి వైపు చూశాడు.

"కాగితం ముట్టుకున్నావు, దానికి నీళ్ళు చల్లే సంప్రోక్షణ ఉండాది. నీ నోట్లో పడిందానికి యాడుండాది?"

గది మూలన అంబుజాక్షి చివరి ఫారాల ప్రూఫులు దిద్దుతోంది. ఆమె తండ్రి, తాత దేవాలయంలో అర్చకులు. శాస్త్రి రాతప్రతిలో తొంభై తప్పులు పట్టింది ఆమే. పుస్తకం మొదటి పుటలో మాత్రం పరిష్కర్తగా శాస్త్రి పేరే ఉంది. ఆయన ఆమె వైపు తిరిగి, ఆడదానికి వేదం పలికే అధికారం లేదనీ, అక్షరాలు చూడమని ఇన్నాళ్ళూ తాను ఊరుకోవడమే తప్పనీ, ఇక ఆ పని కూడా వద్దనీ అన్నాడు. అంబుజాక్షి లేచి నిలబడింది. ఈ మాట ఆమె చిన్నప్పుడు తండ్రి నోటా విన్నదే. చేతిలోని ప్రూఫులు బల్ల మీద పెట్టేసింది.

ప్రెస్సు యజమాని రామకృష్ణప్ప చేతులు జోడించి క్షమాపణ చెప్పుకున్నాడు. అప్పటికప్పుడు ఆడవాళ్ళందరినీ పంపేశాడు. రోజుకు అరవై రూపాయల కూలి పోయింది.

బస్టాండు దాకా వాళ్ళెవరూ శాస్త్రిని ఒక్క మాట అనలేదు. అన్నదంతా హనుమక్కనే. ఎన్నడూ గట్టిగా మాట్లాడని అంబుజాక్షి కూడా ఆగి, "మడిచేది మడిచి ఊరక ఉండకూడదా? నీ నోటి వల్ల నా పనీ పాయ" అంది.

"నువ్వు సదవలేదా అమ్మా?"

"నేను మనసులో చదివినా."

బైండింగుకు రామకృష్ణప్ప ఇద్దరు మగవాళ్ళను పెట్టుకున్నాడు. వాళ్ళు అంకెలు చూసి కుట్టుకుంటూ పోయారు. మూడో రోజున రామకృష్ణప్ప ఒక ప్రతి తిరగేస్తే, ఒక మంత్రం మధ్యలో తెగి ఇంకో మంత్రంలో కలిసి ఉంది. మూడు వందల ప్రతులు అలాగే ఉన్నాయి. నాలుగో రోజు ఉదయం అయిదుగురికీ కబురు వెళ్ళింది.

వాళ్ళు వచ్చేసరికి షట్టరు సగానికి దించి ఉంది. లోపలికి రండి, షట్టరు మూసి కుడదాం, శాస్త్రికి తెలియనియ్యొద్దు అన్నాడు రామకృష్ణప్ప. హనుమక్క నోరు మెదపకూడదనీ, అతుకులు అంబుజాక్షే చూసి వేలితో చూపిస్తుందనీ చెప్పాడు. మడిచేవాళ్ళలో మిగతా ముగ్గురూ వంగి లోపలికి పోయారు. అంబుజాక్షి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది. హనుమక్క ముఖం చూడకుండా తానూ వంగి దూరింది.

హనుమక్క మెట్టు మీదే ఉండిపోయింది.

"రా హనుమక్కా. ఎవురికీ తెలీదులే."

"తెలీకుండా అయితే నేను రానప్పా."

"పని వద్దా నీకు?"

"పని కావల్ల. వాకిలి తెరిచి పెట్టు. సదువుతా కుడతా."

రామకృష్ణప్ప వీధి అటూ ఇటూ చూశాడు. ఈ ఊళ్ళో ఏ ప్రెస్సులోనూ నీకు కూలి దొరకనియ్యను అని గొంతు తగ్గించి చెప్పి, కులం పేరు కలిపి ఒక తిట్టు తిట్టి, లోపలికి పోయి షట్టరు నేల దాకా లాగేశాడు.

మెట్టు పక్కన బుట్టలో పాడైపోయిన ఫారాలు పడేసి ఉన్నాయి. హనుమక్క ఒకటి తీసింది. దారపు తూట్లు ఇంకా కనిపిస్తున్నాయి. మోకాళ్ళ మీద పరుచుకొని చదవడం మొదలుపెట్టింది. మొదట తనకు మాత్రమే వినబడేలా, తర్వాత గట్టిగా. లోపలి నుంచి ఎవరో షట్టరును అరచేత్తో బాదారు. ఎదురుగా టీ కొట్టు దగ్గర ఇద్దరు మగవాళ్ళు గ్లాసులు కింద పెట్టి లేచి నిలబడ్డారు. వాళ్ళలో ఒకడు రోడ్డు దాటి ఇటు నడవసాగాడు.

హనుమక్క అతన్ని చూసింది. పుట తిప్పింది.