గరిటె లేని భోజనం

స్పెయిన్ వెళ్తే ఎక్కడ తినాలో మా మనవరాలు రిషిత ఒక లిస్టు రాసింది. మూడు ఊళ్లు, మూడూ సముద్రం ఒడ్డువే. బార్సిలోనా, వాలెన్సియా, మాలగ. ఈ ఆగస్టుకి మా పెళ్లయి యాభై ఏళ్లు. కూతురు పద్మా, అల్లుడూ టికెట్లు తీశారు. పెళ్లిరోజు భోజనం ఎక్కడన్నది మాత్రం నన్ను తేల్చమన్నారు.

"తాతయ్యా, నువ్వు చేపల మనిషివి కదా, నువ్వే చెప్పాలి," అంది రిషిత.

చేపల మనిషినే. ఉప్పాడలో నలభై ఏళ్లు వల వేశాను. నేను తెచ్చింది మా ఈశ్వరమ్మ గంపకెత్తుకుని ఊళ్లమ్మట అమ్మింది. మూడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నాకు కావలసింది ఒకటే. ఈశ్వరమ్మ వేడివేడిగా తింటుంటే ఒక్కసారి చూడాలి.

యాభై ఏళ్లలో చూడలేదు. అందరికీ వడ్డించి ఆఖర్న కూర్చునేది. అప్పటికి పులుసు చల్లారేది, ముక్కలు అయిపోయేవి, అన్నం గిన్నెలో మాడు మిగిలేది. ఆ మాడులోనే పులుసు కలుపుకుని "నాకిదే ఇష్టం" అనేది. ఇక్కడ విదేశంలో కూతురి దగ్గరికొచ్చాక హోటలుకి వెళ్లినా అంతే. సర్వరు గిన్నె బల్లమీద పెట్టీ పెట్టకముందే గరిటె ఈవిడ చేతిలో ఉంటుంది. పోయినసారి పక్క టేబులు పిల్లాడికి కూడా పెట్టబోయింది.

నోటితో చెప్పొచ్చు కదా అంటారు. చెప్పాను, పద్మ పుట్టిన ఏడు. "నువ్వూ కూర్చోవే" అన్నాను. "నేను కూర్చుంటే నీకెవరు పెడతారు, మీ అమ్మా?" అంది. మళ్లీ చెప్పలేదు.

అందుకే రిషిత లిస్టు చదువుతుంటే తల అడ్డంగా ఊపుతూ కూర్చున్నాను.

"బార్సిలోనాలో టాపాస్, తాతయ్యా. చిన్న చిన్న ప్లేట్లు. అందరం షేర్ చేసుకోవాలి."

పన్నెండు ప్లేట్లు వస్తే పన్నెండుసార్లు పంచుతుంది. వద్దన్నాను.

"మాలగలో బీచ్ మీదే, పడవలో ఇసక పోసి, నిప్పులు పెట్టి, సార్డీన్లు పుల్లకి గుచ్చి కాలుస్తారు. ఇది నీకోసమే!"

సార్డీన్లంటే మా కవళ్లే. నోరూరింది. కానీ ముళ్ల చేప. అందరికీ ముళ్లు తీసి పెడుతూ కూర్చుంటుంది. వద్దన్నాను.

"వాలెన్సియాలో మంచి రెస్టారెంట్ ఉంది, డిన్నర్ తొమ్మిదికి."

ఈశ్వరమ్మ షుగరు మాత్ర వేసుకుని ఏడింటికల్లా తినాలి. అదీ వద్దన్నాను.

"అమ్మమ్మా! తాతయ్య అన్నిటికీ నో అంటున్నాడు!"

"ఆయన సంగతి వదిలెయ్యవే," అంది ఈశ్వరమ్మ వంటింట్లోంచి. "రైస్ కుక్కర్ పట్టుకెళ్దాం. ఆవకాయ సర్దేశాను. హోటల్ రూములోనే వండి పెట్టేస్తా."

ఇంకేముంది, అక్కడా గరిటె ఆవిడ చేతిలోనే.

మా పక్కింటి అంపారో గారిది వాలెన్సియా. డెబ్బై అయిదేళ్లుంటాయి, ఒక్కతే ఉంటుంది. కంచెకి అటు ఆవిడ టమాటాలు, ఇటు నా బెండ మొక్కలు. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకటే తరగతి. మర్నాడు మొక్కలకి నీళ్లు పోస్తుంటే గొంతు సవరించుకున్నాను.

"మై వైఫ్. స్పెయిన్. ఆల్వేస్ సర్వింగ్. నో ఈటింగ్."

ఏడు మాటలు. ఆ ఏడాది మొత్తంలో నేను ఇంగ్లీషులో ఒక్కసారిగా అన్ని మాట్లాడింది అప్పుడే.

ఆవిడ నీళ్ల గొట్టం కట్టేసింది. నన్నోసారి, మా వంటింటి కిటికీని ఓసారి చూసింది. "సండే. లంచ్. మై హౌస్," అంది. మళ్లీ వేలు ఆడిస్తూ, "లంచ్! నో డిన్నర్!" అంది.

ఆదివారం పద్మకీ అల్లుడికీ పని ఉంది. మేం ముగ్గురం వెళ్లాం. పెరట్లో గ్యాసు పొయ్యి మీద బండి చక్రమంత పెనం. అందులో పచ్చటి అన్నం, పైన తలకాయలతో సహా రొయ్యలు. పాయెయ్యా అంటారట. ఆ పెనాన్నే తెచ్చి బల్ల నడుమ పెట్టి, నాలుగు చెక్క చెంచాలు పడేసింది.

ఈశ్వరమ్మ లేచింది. "గరిటేదండీ? ప్లేట్లు నేను తెస్తానుండండి."

"నో ప్లేట్స్!" అంపారో ఈశ్వరమ్మ భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. చెంచా కొసతో అన్నం మీద గీతలు గీసి నాలుగు వాటాలు చేసింది. రిషితతో గబగబా స్పానిష్‌లో ఏదో చెప్పింది. ఆ పిల్ల బళ్లో నేర్చుకుందిలెండి.

"అమ్మమ్మా, వాళ్ల ఊళ్లో ఇలాగే తింటారంట. ఎవరి వాటా వాళ్లదే. వడ్డించడం రూడ్ అంట."

"ఒకే పెనంలోనా? ఎంగిలి కాదుటే?"

"నీ గీత నువ్వు దాటకపోతే ఎంగిలెలా అవుతుంది?"

ఈశ్వరమ్మ ఆలోచనలో పడింది. నావైపు చూసింది. నా చెంచా అప్పటికే నోట్లో ఉంది.

"చూడు ఈయన్ని!" అంది. అయినా చెయ్యి ఊరుకోదుగా. తన రొయ్య ఒకటి మెల్లిగా రిషిత వైపు తోసింది. టక్కుమని అంపారో చెంచా ఆవిడ మణికట్టు మీద పడింది.

"బోర్డర్, అమ్మమ్మా!" రిషిత అరిచింది. "వీసా లేదు!"

ఈశ్వరమ్మ పకపకా నవ్వింది. నవ్వి, తినడం మొదలుపెట్టింది. ఆవిరి ముఖానికి కొడుతోంది. నుదుటన చెమట పట్టింది. రొయ్య తలకాయ విరిచి జుర్రింది. "ఉప్పు సరిపోయింది. కారమే లేదు," అంటూనే రెండోది తీసింది. నేను చెంచా పక్కన పెట్టి చూస్తూ కూర్చున్నాను.

"అలా చూస్తావేంటి మావా, చల్లారిపోతోంది తిను!" అని కసిరింది.

నాది చల్లారనీ.

చివర్లో అంపారో పెనం అడుగు గీకి, ఎర్రగా కరకరలాడే మాడు తీసి ఈశ్వరమ్మ వాటాలో వేసింది. "ది బెస్ట్!" అంది.

"ఇదా బెస్టు?" ఈశ్వరమ్మ కొరికి చూసింది. "అయితే ఇన్నాళ్లూ బెస్టే తిన్నానే! చెబితే విన్నావా మావా, నాకిదే ఇష్టమని?"

అది అబద్ధమనుకున్నాను యాభై ఏళ్లు. ఏమో.

"తాతయ్యా, డిసైడ్ అయ్యావా?" అంది రిషిత.

"వాలెన్సియా. మధ్యాహ్నం," అన్నాను. "ఇలాంటి పెనం ఉన్న చోటే చూడు."

"అమ్మమ్మా, నీకు ఓకేనా?"

నోటినిండా అన్నంతో, "ఆ కుక్కర్ తీసెయ్యవే. ఆవకాయ ఉండనీ," అంది ఈశ్వరమ్మ. అంటూనే ఆవిడ చెంచా గీత దాటి నా వైపు వచ్చింది. నేను దాచుకున్న ఆఖరి రొయ్యని ఎత్తుకుపోయింది.

"వీసా! వీసా!" అని రిషిత గోల. అంపారో ఆకాశంలోకి చూస్తోంది.

నేను పెనాన్ని కొంచెం ఈశ్వరమ్మ వైపు తిప్పాను.