ఎదుటి కుర్చీ

నేను ఒక పేము కుర్చీని. అరకులోయలో కొండవాలున ఉన్న ఓ చిన్న లాడ్జిలో ఏడో నంబరు గది వరండా నా ఇల్లు. ఇల్లనడం ఎందుకులెండి, ఉద్యోగం. ఇప్పుడు ఆ ఉద్యోగమూ ఊడింది. ఎడమ చేతి అల్లిక విడిపోయాక లాడ్జి వెనక రేకుల షెడ్డులో, పగిలిన వాష్ బేసిన్ పక్కన పడేశారు. ఇక్కడికి పిలిచినా ఎవరూ రారు కాబట్టి నా సోది మీకే చెప్పుకుంటాను.

నన్ను విశాఖపట్నంలో రోడ్డు పక్క పాకలో అల్లారు. అల్లిన మనిషి నోట్లో బీడీ తియ్యకుండానే పేము తడిపి, వంచి, మేకులు కొట్టి, చివరికి తానే ఎక్కి కూర్చుని అటూ ఇటూ ఊగాడు. కిర్రుమనలేదని మురిసిపోయాడు. నాకు జోడుగా ఇంకో కుర్చీనీ అల్లాడు. మేమిద్దరం ముందు ఒక పళ్ల డాక్టరు గారి వసారాలో చేరాం. అక్కడ నాలో కూర్చున్న ప్రతివాడూ చెంప పట్టుకునే కూర్చునేవాడు. లోపల్నుంచి ఎవరి మూలుగో వినబడితే చాలు, నొప్పి తగ్గిపోయిందంటూ లేచి వెళ్లిపోయేవాడు. మనుషుల ధైర్యం ఏపాటిదో నాకు అక్కడే తెలిసింది. డాక్టరు గారికి ఇనుప కుర్చీల మీద మోజు పుట్టాక, లాడ్జి ఓనరు మమ్మల్ని కొని కొండెక్కించాడు.

లాడ్జిలో మాది రాజభోగమే. కొత్తగా పెళ్లయినవాళ్లు వచ్చేవారు. రెండు కుర్చీలుంటే ఒకదాంట్లోనే ఇరుక్కుని కూర్చునేవారు, రెండోది దండగ. అదే జంట నాలుగేళ్లకి మళ్లీ వస్తే ఆయన ఒక మూలకి, ఆవిడ ఒక మూలకి మమ్మల్ని లాక్కుని ఫోన్లలో తల దూర్చేవారు. కొండలు చూడ్డానికి ఇంత దూరం వచ్చి, ఆ కొండలకే వీపు పెట్టి ఫొటోలు దిగడం ఏమిటో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

ఝాన్సీ మాత్రం ఒక్కతే వచ్చింది. తునిలో స్కూలు టీచరు. నలభై దాటాయి, పెళ్లి చేసుకోలేదు, తమ్ముడి కుటుంబంతో కలిసి ఉంటుంది. ఆ ఇంట్లో పాలప్యాకెట్టు తీసిన దగ్గర్నుంచి గేటుకి తాళం వేసేదాకా అందరూ పిలిచేది ఆమెనేనట. రెండంటే రెండు రోజులు తనను ఎవరూ పిలవని చోట ఉండాలనిపించింది. ఒంటరిగా షికారుకి పోతానంటే ఇంట్లో ఏమనుకుంటారోనని, విశాఖలో టీచర్లకి ట్రైనింగని అబద్ధం చెప్పి రైలెక్కేసింది. ఇదంతా వచ్చిన సాయంత్రమే లాడ్జి చూసుకునే బుద్రికి చెప్పేసింది.

"ఒక్కర్తివే వచ్చినావేటమ్మా?" అని అడిగిన పాపానికి బుద్రి అంతా నించుని వినాల్సొచ్చింది.

మర్నాడు జనతా కర్ఫ్యూ. ఆ వెనకే లాక్‌డౌను. కార్లలో వచ్చినవాళ్లు ముందే జారుకున్నారు. రైళ్లు ఆగిపోయాయి, ఘాట్ రోడ్డు మూసేశారు. లాడ్జి మొత్తానికి ఏడో నంబరు ఒక్కటే మిగిలింది. ఓనరు విశాఖ నుంచి ఫోన్ చేసి, ఉండనివ్వమన్నాడు. ట్రైనింగు హాస్టల్లో ఇరుక్కుపోయానని ఝాన్సీ ఇంటికి చెప్పింది. ఒక అబద్ధం ఆడితే దానికి తిండీ బట్టా కూడా మనమే చూడాలని ఆవిడకి అప్పటికి తెలియదు.

మొదటి వారం ఆమె సుఖం చూసి నాకే ముచ్చటేసింది. ఎండ వరండాలోకి వచ్చేదాకా నిద్రపోయేది. బుద్రి కాఫీ తెచ్చి పిట్టగోడ మీద పెట్టి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మెట్ల కిందికి వెళ్లిపోయేది. కరోనా భయం మరి. తను పెట్టని కాఫీ తాగడం ఇదే మొదలన్నట్టు ఝాన్సీ గుక్క గుక్కకీ ఆగి తాగేది. కాలిగోళ్లకి రంగు వేసుకుంది. కింద లోయలో గూడ్సు రైలు వెళ్తే చివరి పెట్టెలో గార్డుకి చెయ్యి ఊపేది. అతనూ ఊపేవాడు. ఆమె కూర్చునేది నా జోడు కుర్చీలో. ఒకే కుర్చీ ఉంటే బోసిగా ఉందని నన్నూ లాగి ఎదురుగా వేసుకుంది. అంతే, ఆ తర్వాత నా జోలికి రాలేదు.

ఇంటినుంచి ఫోన్లు వచ్చేవి. స్పీకరు పెట్టి మాట్లాడటం ఆమె అలవాటు. "వదినా, ఇంగువ ఎక్కడ పెట్టారు?" అని మరదలు కళ్యాణి. "అక్కా, మోటారు ఆగిపోయింది, ఏం చెయ్యాలి?" అని తమ్ముడు సురేంద్ర. వీడియో కాలైతే కొండలు కనిపించకుండా వెనక దుప్పటి కట్టేది. ఒకసారి సరిగ్గా అప్పుడే బుద్రి కోడి కూసింది.

"హాస్టల్లో కోడేంటత్తా?" అంది మేనకోడలు.

"వాచ్‌మన్ పెంచుకుంటున్నాడే," అంది ఝాన్సీ, చెమటలు తుడుచుకుంటూ.

ఇంగువ దొరికింది, మోటారు బాగయింది, ఫోన్లు తగ్గాయి. ఎలా ఉన్నావని మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆ పిలుపులు తప్పించుకుందామని వచ్చిన మనిషి, ఇప్పుడు ఎవరైనా పిలిస్తే బాగుండునని చూసేది. నాకు జాలేసింది. ఒక మధ్యాహ్నం నావైపు చూసి, "భోంచేశావా?" అంది. తనను ఎవరైనా అడగాలనుకున్న మాటే అది. నేను కుర్చీని, ఏం చెప్పగలను? ఇద్దరం అలాగే ఎదురెదురుగా ఉండిపోయాం.

మే నెలలో సురేంద్ర ఫోన్ చేశాడు. పాసు దొరికిందట, విశాఖ వస్తాడట, హాస్టలు ఎక్కడో చెప్పమన్నాడు. ఇక దాచి లాభం లేదు.

"నేను విశాఖలో లేనురా. అరకులో ఉన్నాను. మొదట్నుంచీ ఇక్కడే. ఊరికే, రెండు రోజులు ఉందామని వచ్చాను."

అవతల ఫోను చేతులు మారింది. తర్వాత కళ్యాణి గొంతు వచ్చింది. "ఎవరితో వదినా?"

"ఎవరితోనూ కాదు. ఒక్కదాన్నే."

"సరేలెండి," అంది కళ్యాణి. ఆ సరేలెండిలో ఎన్ని అర్థాలున్నాయో నాలాంటి కర్రముక్కకే తెలిసిపోయింది. ఝాన్సీ ఆ రోజు అన్నం ముట్టలేదు. అబద్ధం ఆడినందుకు తిడతారనుకుంది. తిట్టలేదు. ఇన్నాళ్లూ నిజంగా ఒంటరిగా గడిపింది, ఆ ఒక్క నిజాన్నే నమ్మడం లేదు. తమ్ముడైనా నమ్మితే చాలు, అదే ఆమె ఆశ.

సురేంద్ర అద్దెకారులో వచ్చాడు. వరండా ఎక్కి, ఎదురెదురుగా ఉన్న రెండు కుర్చీలూ చూసి ఆగిపోయాడు. వేలు నావైపు చూపించాడు.

"ఇందులో ఎవరు కూర్చునేవారక్కా?"

"ఎవరూ లేరురా."

బుద్రిని పక్కకి పిలిచి అడిగాడు. "ఎవులూ నేరు బాబూ. అమ్మ ఒక్కర్తే," అంది బుద్రి. బాగా నేర్పారన్నట్టు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. నోరుంటే కడిగేద్దును.

"కూర్చో," అంది ఝాన్సీ. "కాఫీ తాగి వెళ్దాం. నా ఎదురుగా మనిషన్నవాడు కూర్చుని ఎన్నాళ్లయిందో."

నాలో కూర్చున్నాడు. మళ్లీ ఒక మనిషి బరువు మోస్తున్నందుకు సంతోషించాలో, ఈ మనిషైనందుకు ఏడవాలో తెలియలేదు. కాఫీ తాగి, గొంతు తగ్గించి అన్నాడు. "నేనేమీ అనను. నువ్వూ చిన్నపిల్లవి కాదు. ఎవరతను? చెప్పు చాలు."

ఝాన్సీ ఖాళీ కప్పులు రెండూ తీసి పిట్టగోడ మీద పెట్టింది. "పద, పొద్దుపోతుంది," అంది.

అతను లేచాడు. తెల్ల ప్యాంటు వెనక ఎర్రటి దుమ్ము, నా అల్లిక గడులు గడులుగా అచ్చుపడింది. వేసవి పొడుగునా ఘాట్ గాలికి కొట్టుకొచ్చి నాలో పేరుకున్న దుమ్మది. పేము రంగులో కలిసిపోయి పైకి కనబడలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లూ ఇందులో ఎవడైనా కూర్చుని ఉంటే ఇంత దుమ్ము ఉంటుందా? ఇప్పుడైనా తెలుస్తుంది కదా అనుకున్నాను.

సురేంద్ర మెడ తిప్పి చూసుకున్నాడు. "ఛ, ఏంటక్కా ఇది. ఒకసారి తుడిపించుకోవచ్చు కదా."

ఝాన్సీ ఆ దుమ్ము చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆమెకి అర్థమైంది, నేను ఒట్టేసి చెప్పగలను. ఒక్క మాట అంటే సరిపోయేది. పెదవి కదిలింది కూడా.

"వెనక్కి తిరుగు," అంది.

చిన్నప్పుడు మట్టిలో ఆడి వచ్చినవాణ్ణి దులిపినట్టే, అరచేత్తో తమ్ముడి ప్యాంటు దులిపింది. ఒక్క గడి కూడా మిగలకుండా, మొత్తం పోయేదాకా దులిపింది. ఆ చెయ్యి కుళాయి కింద కడుక్కుని, వెళ్లి కారెక్కింది.