‘బడును’ చుట్టూ నీలిసుద్ద

గురువారం వచ్చిందంటే ఇప్పటికీ నా వేళ్లు ఊరుకోవు. నేను రిటైరై పదకొండేళ్లయింది, నా టైపు మిషను పాత సామాన్ల కొట్టుకు పోయి ఇంకా ఎక్కువే అయింది. అయినా పదిన్నర కాగానే వంటింటి గట్టు మీద వేళ్లు టకటకలాడతాయి. ఆ గది మీద నాకున్న బెంగ అలాంటిది.

మూడో అంతస్తులో మెట్ల పక్క గది. పొడుగాటి బల్ల, ఏడు కుర్చీలు, అందులో ఒకటి కుంటిది. మనుషులంతా సమానమేనని తేల్చడానికి వచ్చినవాళ్లు ఆ కుంటి కుర్చీ దగ్గరికొచ్చేసరికి మాత్రం మొహమొహాలు చూసుకునేవాళ్లు. ప్రభుత్వం ఏ కొత్త నిబంధన రాసినా ముందు గురువారాల్లో ఆ గదిలో కూర్చునే సలహా బృందానికి పంపేది. దీనివల్ల ఎవరికి అన్యాయం, ఎవరి హక్కుకు గండి, అసలు ఎవరిని మరిచిపోయారు, అని చూసి అభిప్రాయం రాసి పంపడం వాళ్ల పని. పైవాళ్లు వింటే సంతోషం, వినకపోతే మళ్లీ రాయడం. ఆజ్ఞ వేసే అధికారం వాళ్లకు లేదు. నాకైతే నోరు మెదిపే అధికారం కూడా లేదు. అన్న మాటను అన్నట్టు మిషనెక్కించడమే నా ఉద్యోగం.

అధ్యక్షులు రిటైరైన జడ్జిగారు. మెత్తని మనిషి, గట్టిగా రాస్తే ప్రభుత్వం బెదిరిపోతుందని ఆయన భయం. మిగతావాళ్లంతా చదువుకున్నవాళ్లే, ఒక్క దర్జీ ఆవిడ తప్ప. ఆవిడకి గదిలో అందరూ పెట్టిన పేరు అడ్డుపుల్ల. ఆ పేరు తనకు తెలుసు, తెలిసి కించిత్తు గర్వం కూడా. కాగితంలో ‘ఏర్పాటు చేయబడును’, ‘పరిశీలించబడును’ అని కనిపించడం ఆలస్యం, సంచిలోంచి బట్టలు గీసుకునే నీలిసుద్ద తీసి ఆ ‘బడును’ చుట్టూ సున్నా చుట్టేది. ఎవరి చేత చేయబడును? ఆ మనిషి పేరో కుర్చీ పేరో రాయందే వదిలేది కాదు. చొక్కా కుట్టబడును అని నేను బోర్డు పెడితే మీరు బట్ట ఇస్తారా, అని అడిగేది. మొదట్లో నవ్వారు. తర్వాత అదే మా పద్ధతయిపోయింది. గురువారం సాయంత్రానికి నా వేళ్లూ, మిషను మీటలూ, జడ్జిగారి చొక్కా చేతులూ నీలంగా ఉండేవి.

నేను పెద్దమ్మ దగ్గర పెరిగాను. పెద్దమ్మకూ పెదనాన్నకూ పుట్టుకతోనే వినపడదు, అక్షరం రాదు. ఇంట్లో వినగలిగేదాన్ని నేనొక్కదాన్నే. పాలవాడితో బేరం నుంచి ఇంటాయనతో తగాదా దాకా అన్నీ నా చేతుల మీదే నడిచేవి. తగాదాల్లో పెద్దమ్మ సైగ చేసిన తిట్లలో సగం నేను మింగేసేదాన్ని, లేకపోతే ఏ ఇంట్లోనూ నెల నిలిచేవాళ్లం కాదు.

నాకు పదేళ్లప్పుడు పెద్దమ్మకు కడుపునొప్పి వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు నన్ను స్టూలు మీద నిలబెట్టి, గర్భసంచి తీసేయాలి, మీవాళ్లకు చెప్పు అన్నాడు. ఆ మాట నాకు తెలియదు. సంచి తీసేస్తారంటే ఏదో మంచిదే అనుకున్నాను. రెండు పిడికిళ్లు కడుపు దగ్గర పెట్టి, గాల్లోకి విసిరేసి చూపించాను. నొప్పి పోతుంది. పెద్దమ్మ తలూపింది, పెదనాన్న వేలిముద్ర వేశాడు.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆవిడ బుల్లి చొక్కాలు కుట్టి పెట్టెలో దాచింది. నెలసరి ఎందుకు ఆగిందని నన్నడిగితే, నీరసం అని చెప్పాను. పదహారేళ్లొచ్చాక పాత ఆసుపత్రి కాగితం నా కంటబడింది. అప్పుడు అర్థమైంది నేను ఏం విసిరేశానో. చెప్పాలని చేతులు ఎత్తడం, ఎత్తిన చేతులతో జుట్టు సవరించుకోవడం. అలాగే ఏళ్లు గడిచిపోయాయి.

బృందంలో చేరిన రెండో ఏడు ఒక గురువారం ఆసుపత్రుల నిబంధన వచ్చింది. ‘వినికిడి లేని రోగులకు అవసరాన్ని బట్టి సైగల సహాయం ఏర్పాటు చేయబడును. కుటుంబ సభ్యులు ఉన్నచోట ఆ అవసరం లేదు.’ అడ్డుపుల్ల మామూలుగానే మొదటి వాక్యానికి సున్నా చుట్టింది. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇంట్లోవాళ్లకంటే బాగా ఎవరు చెబుతారులెండి, ఇది ఉండనిద్దాం అన్నారు జడ్జిగారు. ఆ మాట ఎక్కించాల్సిన నా వేళ్లు ఆగిపోయాయి.

మిషను ఆగితే ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ ఉండదు. అడ్డుపుల్ల నా వైపు తిరిగింది.

“ఏమ్మాయ్, రిబ్బను చిక్కిందా?”

కాదని తలూపాను. నోరు విప్పితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. విప్పాను.

“పదేళ్లప్పుడు మా పెద్దమ్మకి డాక్టరు మాట నేనే చెప్పాను సార్. గర్భసంచి అంటే ఏంటో నాకు తెలీదు. నొప్పి పోతుందని చెప్పాను. ఆవిడకి ఇవాళ్టికీ తెలీదు.”

జడ్జిగారు కళ్లజోడు తీశారు. ఇది రికార్డులో ఉండాలా అని నన్నే అడిగారు. వద్దన్నాను. అడ్డుపుల్ల రెండో వాక్యం మొత్తాన్ని సుద్దతో కొట్టేసింది. ఆ పూట కొత్త వాక్యం ఆవిడే చెప్పింది, నేను ఎక్కించాను. ‘సైగల దుబాసీని ఆసుపత్రే పిలవాలి. ఇంట్లోవాళ్లు పక్కనున్నా పిలవాలి. పిల్లల చేత చెప్పించకూడదు.’ ఆసుపత్రి పిలవాలి అంటే చాలదా అని జడ్జిగారు నీళ్లు నమిలారు. చాలదు, ‘ఆసుపత్రే’ అని ఉండాలి, లేకపోతే ఎవడి మీదికి వాడు తోసేస్తాడు, అంది. ఆ ఏత్వం మీటను మామూలుకంటే గట్టిగా నొక్కాను.

ప్రభుత్వం ఆ సలహాను రెండుసార్లు పక్కన పెట్టింది. రెండుసార్లూ మళ్లీ పంపాం. మూడో ఏట నిబంధన వచ్చింది, ఏత్వంతో సహా. గదిలో అందరూ సంబరపడ్డారు. నాకు మాత్రం భయం పట్టుకుంది. ఇక పెద్దమ్మకూ డాక్టరుకూ మధ్య నేను ఉండను.

ఆర్నెల్లు తిరక్కుండానే ఒక గురువారం సాయంత్రం పెద్దమ్మకు మళ్లీ కడుపునొప్పి వచ్చింది. కౌంటరులో అమ్మాయి నా సైగలు చూసి, మీరే ఉన్నారుగా, దుబాసీ ఎందుకు అంది. ఎంత తేలికైన దారి. ఊఁ అంటే చాలు, పాత మచ్చ గురించి డాక్టరు ఏమన్నా నా చేతుల్లోనే మాయం చేసెయ్యొచ్చు. గోడ మీద కొత్తగా అంటించిన నిబంధన ఉంది. ఆ ఏత్వం నాకు ఎక్కడున్నా కనిపిస్తుంది.

“ఆసుపత్రే పిలవాలమ్మా. పిలవండి,” అన్నాను.

దుబాసీ వచ్చి పెద్దమ్మతో లోపలికి వెళ్లాక, నలభై నిమిషాలు బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపుకున్న అద్దంలోంచి పెద్దమ్మ చేతులు ఆడడం కనిపించింది. తర్వాత దుబాసీ చేతులు. మధ్యలో పెద్దమ్మ చేతులు ఒళ్లో పడిపోయి చాలాసేపు లేవలేదు. నేను తల దించుకున్నాను.

బయటికి వచ్చాక ఏమన్నారని అడిగాను. అది నా మాట, నీకెందుకు అని సైగ చేసింది. పుట్టి బుద్ధెరిగాక పెద్దమ్మ విషయం నాకు తెలియకపోవడం అదే మొదలు. గేటు దాకా నడిచాం. అక్కడ ఆగి నా ముందుకు వచ్చి నిలబడింది. రెండు పిడికిళ్లు కడుపు దగ్గర పెట్టి, గాల్లోకి విసిరింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆవిడ కళ్లూ తడిగానే ఉన్నాయి. నా రెండు చేతులూ తీసుకుని, నీలిసుద్ద అంటిన వేళ్లను కాసేపు చూసి, వదిలి, నెమ్మదిగా సైగ చేసింది.

చిన్న చేతులు. అంత పెద్ద మాట వాటిలో ఎలా పడుతుంది?